మూడో చరణంలోని ఖాళీ

ఈ రోజు పొద్దున చర్చి హాలులో చనిపోయిన మనిషి చేత పాట పాడించాను. ఆయన భార్య ఎదురుగానే కూర్చుని ఉంది. ఆయన పోయాడని నాకు తెలియదు. తెలియదు కాబట్టి నన్ను క్షమించాలని చెప్పడం లేదు. రెండు వీధుల అవతల ఉండే మనిషి పోయి నెలలు గడిచినా తెలియకపోవడమే అసలు తప్పు.

మాది మైకు సెట్ల అంగడి. ఊళ్ళో బంగారు గనులు నడిచే కాలంలో మా నాయన పెట్టాడు. అప్పట్లో పెళ్ళికీ చావుకీ, యూనియన్ మీటింగుకీ, మారెమ్మ పండక్కీ మా స్పీకర్లే కట్టేవాళ్ళు. గనులు మూతపడ్డాక జనం పొద్దున రైలుకు బెంగళూరు పోయి చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు రావడం కూడా మానేశారు. పెళ్ళిళ్ళు కూడా అక్కడికే పోయాయి. పెద్ద స్పీకర్లు అమ్మేసి కంప్యూటరూ, రికార్డరూ, మంచి మైకులు కొన్నీ కొనుక్కున్నాను. ఇప్పుడు నా పని కచేరీలు రికార్డు చేసి, తరువాత వాటిని శుభ్రం చేయడం.

శుభ్రం అంటే ఫ్యాన్ల రొద తీసేయాలి. జనరేటరు మోత తీసేయాలి. దగ్గులు, కుర్చీ లాగిన చప్పుళ్ళు, బయట లారీ హారన్లు ఏరేయాలి. రేకుల కప్పు కింద పాడితే మాట మీద మాట పడి మోగుతుంది, ఆ మోత తగ్గించాలి. పల్చబడిన గొంతును ముందుకు తేవాలి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆవని జాతర భజనలూ, సుగటూరు హరికథా, ఇక్కడి చర్చి పాటలూ అన్నీ నా చేతిలో పడ్డవే. బజారులో కనబడితే, "ఏమప్పా, మా పాట ఉతికి ఆరేసినావా, ఇంగా నానబెట్టే ఉండావా?" అని నవ్వుతారు. నేనూ నవ్వి తల దించుకుని పోతాను.

ఊళ్ళో జరిగే ప్రతి సంబరానికీ నేను హాజరే. కాకపోతే వారం తరువాత, ఒక్కడినే, కిటికీ మూసిన గదిలో. ఎవరు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటారో నాకు తెలుసు. ఎవరికి ఏ పాదం దగ్గర భయమో కూడా తెలుసు. మొహాలు మాత్రం తెలియవు. ఒకసారి కిరాణా అంగడిలో నా వెనక నిలబడి ఎవరో చక్కెర అడిగారు. ఆ గొంతు నాకు ఏళ్ళుగా తెలిసిన భజన గొంతు. గుర్తుపట్టి సంతోషపడ్డాను. వెనక్కి తిరిగి పలకరించాలని మాత్రం తోచలేదు. పప్పు కట్టించుకుని వచ్చేశాను.

మా ఆవిడ శ్రీనివాసపురంలో వాళ్ళ అన్న మామిడి తోటకు వెళ్ళిపోయి చాలా కాలమైంది. వెళ్ళే ముందు ఒక మాట అంది. "ఇంట్లో మనిషి మాట్లాడేది నీకు గలాటా మాదిరి ఉండాది. యాడో ఎవరో పాడింది మాత్రం పాట." అప్పుడు కూడా నా చెవుల మీద హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఒక చెవిది పక్కకు జరిపి, "ఏమి?" అన్నాను. ఆమె మళ్ళీ చెప్పలేదు. మొదటిసారే వినబడిందని నేనూ చెప్పలేదు.

ఇక ఈ చర్చి సంగతి. చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాళ్ళ తెలుగు సంఘం ఇది. క్రిస్మస్ అయిన తరువాతి ఆదివారం వాళ్ళ పాటల కచేరీ. ఒకప్పుడు పాడేవాళ్ళు వేదిక మీద పట్టక మెట్ల మీద నిలబడేవాళ్ళు. ఇప్పుడు వేదిక మీద ఎక్కువ చోటు ఖాళీయే. ఊరు వదిలి పోయినవాళ్ళకు ఆ కచేరీ రికార్డు పంపిస్తారు. బెంగళూరులోనో హోసూరులోనో ఉండి ఫోనులో వింటారు. ఇక్కడ మిగిలి ఉన్నవాళ్ళు దాన్ని ఎప్పుడూ వినలేదు. పాడింది వాళ్ళే కాబట్టి.

ఏటా ఆఖరి పాట ఒకటే. ఆడవాళ్ళు పై శ్రుతులు, మగవాళ్ళు కింది శ్రుతులు, మొత్తం నాలుగు శ్రుతుల్లో పాడతారు. మూడో చరణంలో ఒక పాదం దగ్గర అందరూ ఆగిపోతారు, కింది శ్రుతి గొంతు ఒక్కటే పాడుతుంది. డ్రమ్ము కొట్టేవాడు ఊరు వదిలినప్పటి నుంచి ఆ పాటకు కీబోర్డులో ఉండే తాళమే పెడుతున్నారు. అందుకని ఏ ఏడు పాడినా నడక ఒకటే, ఒక్క రవ్వ కూడా తేడా రాదు. ఈ సంగతి తరువాత నాకు పనికివచ్చింది. పనికిరాకుండా ఉంటే బాగుండేది.

ఆ ఒంటరి పాదం పాడే మనిషి గనిలో లోపలి పని చేసినవాడు. బావిలో నుంచి వచ్చినట్టుండేది గొంతు. ఆయన ఎదుట పెట్టే మైకులో ఒకప్పుడు నేను దిద్దాల్సింది ఏమీ ఉండేది కాదు. తరువాత ఒక ఏడు పాట మొదట్లో చిన్న దగ్గు వినబడింది. తీసేశాను. మరుసటి ఏడు మధ్యలో కూడా దగ్గులు. అవీ తీసేశాను. ఆ తరువాతి ఏడు ఆయన ఊపిరి పాదం చివరిదాకా అందలేదు. ఆఖరి మాట ఆయన పాడలేకపోయాడు. అక్కడ ఎవరో ఆడమనిషి గొంతు, మెల్లగా, పై శ్రుతిలో, ఆ మాట పూర్తి చేసింది. మగవాళ్ళ మైకులో ఆడగొంతు పడింది, పొరపాటు అనుకున్నాను. దాన్ని తుడిచేసి, ఆయనవే పాత రికార్డుల్లో నుంచి అదే మాట తెచ్చి అతికాను. అతుకు ఎవరికీ తెలియలేదు. నా పనితనానికి మురిసిపోయాను. తరువాతి ఏళ్ళలోనూ అదే జరిగింది, నేనూ అదే చేశాను.

ఒక మనిషి ఊపిరి ఏడాదికేడాది ఎంత తగ్గుతోందో ఈ ఊళ్ళో అందరికంటే దగ్గరగా విన్నవాణ్ణి నేను. పోయి ఎట్లా ఉన్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

ఈసారి కచేరీకి పొద్దునే పోయి మైకులు పెట్టాను. కింది శ్రుతి వాళ్ళ వరుసలో ఒక కుర్చీ మీద తెల్ల కండువా మడిచి పెట్టి ఉంది. క్వయర్ వాళ్ళు, అంటే చర్చి పాటల జట్టు, మెడలో వేసుకునే కండువా. ఎవరో మరిచిపోయారనుకుని కిటికీలో పెట్టి, కుర్చీ పక్కకు జరిపి, అక్కడ మైకు స్టాండు నిలబెట్టాను. ఒక ముసలాయన వచ్చి, కుర్చీని మళ్ళీ అక్కడికే తెచ్చి కండువా దాని మీద పెట్టి పోయాడు. నేను స్టాండు కొంచెం వెనక్కు జరుపుకున్నాను. ఎందుకని అడగలేదు. కచేరీ నడిచినంతసేపూ అలవాటు ప్రకారం హాలు వెనక గదిలో రికార్డరు దగ్గర కూర్చున్నాను. వేదిక కనబడదు అక్కడికి.

తరువాతి వారం ఇంట్లో పని మొదలుపెట్టాను. ఆఖరి పాట, మూడో చరణం. ఆ పాదం దగ్గర గొంతు లేదు. కీబోర్డూ తాళమూ నడుస్తూనే ఉన్నాయి, పాడేవాడు లేడు. చివర, ఆఖరి మాట దగ్గర, ఆ ఆడగొంతు ఒక్క మాట పాడింది. అంతే, అందరూ కలిసి తరువాతి పాదం ఎత్తుకున్నారు.

ఆయన కూతురి దగ్గరికో మరెక్కడికో పోయి ఉంటాడనుకున్నాను. ఆ పాదం ఎవరు పాడాలో ముందుగా అనుకోలేదు, వేదిక మీద తడబడ్డారు, పాపం, ఊరు వదిలిన వాళ్ళందరూ దీన్ని వినాలి కదా అనుకున్నాను. నడక ఒకటే కాబట్టి, పోయిన ఏడు నేను బాగుచేసి ఉంచిన పాదం తెచ్చి ఆ ఖాళీలో పెట్టాను. సరిగ్గా ఇమిడింది. చివర మిగిలిన ఆడగొంతును తుడిచేశాను. రెండుసార్లు విని, దీపం ఆర్పి, తృప్తిగా పడుకున్నాను.

క్వయర్ నడిపే మాస్టరు రిటైరైన బడిపంతులు. ఎప్పుడూ లేనిది ఈసారి ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "పోయినవాళ్ళే వింటా ఉండారు, మనమూ ఒకసారి విందామప్పా" అన్నాడు. అందుకని ఈ రోజు ఆరాధన ముగిశాక అందరూ హాలులోనే ఆగారు. రికార్డును తెల్లవారే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశాను. చిన్న స్పీకరు బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. టీ గ్లాసులు తిరిగాయి.

"ఏమి రా ఇది, మనమేనా?" అన్నాడు ఒకాయన మొదటి పాటకు.

"నువ్వు తప్ప అందరమూ మనమే. నీ గొంతు తీసి బాగుచేసినట్టుండాడు" అంది పక్కన ఒకామె. అందరూ నవ్వారు. నాకు చాలా రోజుల తరువాత మనుషుల మధ్య కూర్చున్నట్టనిపించింది. ఆఖరి పాట ఇంకా బాగుంటుందని లోలోపల ఎదురుచూశాను కూడా.

మూడో చరణం వచ్చింది. ఆ గొంతు లేచింది.

టీ గ్లాసు ఒకటి బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. పాదం నిండుగా, దగ్గు లేకుండా, ఆఖరి మాటతో సహా పూర్తయింది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దామె లేచి నిలబడింది. మెడలోని కండువా తీసి మడిచింది. వేదిక ఎక్కి, ఆ కుర్చీ మీద ముందే ఉన్న కండువా పైన తనది పెట్టింది. దిగి వస్తూ నా వైపు చూడకుండానే, "ఇంగ నాతో పనేముండాది. ఆయనే మొత్తం పాడేసినాడు గదా" అని, తలుపు దాటి పోయింది.

నేను స్పీకరు ఆపాను. మాస్టరు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "ఏమప్పా, ఎందుకు ఇట్ల చేసినావు?"

"ఆయన రాలేదు గదా మాస్టరూ, ఖాళీగా ఉంటే..."

"రాలేదా? ఆయన పోయి ఎన్ని నెల్లాయె! వానలప్పుడు. నీకు తెలీదా?"

తలుపు దగ్గర ఎవరో, "మీ ఇంటి ముందరే గదప్పా తీసుకపోయింది" అన్నారు.

వానల్లో ఒక మధ్యాహ్నం పెళ్ళి పాటలు శుభ్రం చేస్తుండగా వీధిలో డప్పులు, ఏడుపులు వినబడ్డాయి. పనికి అడ్డమని లేచి కిటికీ గట్టిగా మూశాను. అది ఆయనదే అయి ఉంటుంది.

మాస్టరు కూర్చుని అంతా చెప్పాడు. గని రోజుల్లో లోపల మనిషి పోతే, అతను దీపం తగిలించే కొక్కేన్ని ఏడాది పాటు ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు కాదట. ఆ పద్ధతే క్వయర్‌లోకి వచ్చిందట. పాడేవాడు పోతే ఏడాది పాటు అతని కుర్చీ ఉంచుతారు, అతని పాదం ఇంకొకరు పాడరు. తాళం నడుస్తుంది, అందరూ నోరు మూసుకుని నిలబడతారు. "తడబడి ఆగినాము అనుకుంటివా? ఆ ఖాళీ పాడేకి మేము ఎంత ప్రాక్టీసు చేసినామో నీకేమి తెలుసు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "ఆమె ఇంగ రాదప్పా. ఆమె లేకపోతే పై శ్రుతి ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు."

మధ్యాహ్నం ఆమె ఇంటికి నడిచాను. గనివాళ్ళ కోసం వరుసగా కట్టిన ఆ లైను ఇళ్ళలో సగానికి తాళాలు, కొన్నింటికి తలుపులే లేవు. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద నుంచి గాలి బూడిద రంగు దుమ్ము తెచ్చి గడపల మీద పోస్తోంది. ఆమె వాకిట్లో చాప మీద కూర్చుని, నానబెట్టిన అవరెగింజలు, అదే అనపగింజలు, ఒక్కొక్కటే పితికి పొట్టు తీసి, పప్పు గిన్నెలో వేస్తోంది.

"అమ్మా, నేను..."

"తెలుసు. కూచో."

చాప చివర కూర్చున్నాను. ఆమె గింజలు పితుకుతూనే ఉంది. ఆయన పోయారని నాకు తెలియదని చెప్పాను. క్షమించమని అడిగాను.

"తెలీకపోతే పోనీ. ఒకటి చెప్పు. ఆ ఆఖరి మాట యాడిది? ఆయన ఆ మాట పాడి ఏండ్లాయె."

"పాతదమ్మా. ఆయనకు ఊపిరి బాగున్నప్పటిది. తెచ్చి అతికినా."

"ఓహో. మరి నాది యాడ పోయింది?"

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ ఆడగొంతు ఎవరిదో.

"ఆయనకి అందకపోతే నేనే అందిస్తా ఉంటిని. పక్కనే నిలబడి. ఆయన ఊపిరి ఆగేది నాకు తెలిసేది, ఎత్తుకునేదాన్ని. మొన్న ఆయన పాదమంతా ఖాళీ పెట్టినాము. ఆఖరి మాట మాత్రం నాదే గదా అని పాడినా. హాలంతా విన్నారు. నువ్వు దాన్ని యాడ పారేసినావు?"

"తుడిచేసినానమ్మా. మగవాళ్ళ మైకులో ఆడగొంతు పడింది, తప్పు అనుకుంటిని."

"తప్పని ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నేను ఎవరినీ అడగలా."

"అన్నేండ్లూ?"

"అన్నేండ్లూ."

ఆమె చేయి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత, నేను అనుకోని విధంగా, కొంచెం నవ్వింది. "ఆయన ఉంటే నవ్వేవాడు. సచ్చినాంక గూడా షిఫ్టుకు పిలిచినారే, ఓవర్‌టైము ఇస్తారా అనేవాడు."

నాకు నవ్వు రాలేదు. నేను శుభ్రం చేయని అసలు రికార్డులన్నీ ఇంట్లో ఉన్నాయని, ఒక్కటీ పారేయలేదని చెప్పాను. ఆమె గిన్నెలోకి చూస్తూ, "అట్లయితే కడగనిది తే" అంది.

ఇంటికి వచ్చి కిటికీ తెరిచి కూర్చున్నాను. ముందు ఈసారి రికార్డులో మూడో చరణం నుంచి ఆయన గొంతు తీసేశాను. తుడిచిన ఆమె మాటను అసలు దాంట్లో నుంచి తెచ్చి తన చోట పెట్టాను. ఆ ఖాళీ దగ్గర ఫ్యాన్ల రొద కూడా అట్లాగే వదిలాను. ఎవరో గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడూ, కుర్చీ కిర్రుమన్న చప్పుడూ ఉన్నాయి. ముట్టుకోలేదు.

పోయిన ఏటి అసలు రికార్డును హెడ్‌ఫోన్స్ లేకుండా స్పీకర్లలో విన్నాను. దగ్గు. పాదం. సగంలో ఆగిన ఊపిరి. ఆమె మాట. పాట అయిపోయాక నేను ఎప్పుడూ కత్తిరించి పారేసే చివరి తోకలో, చప్పట్ల కింద, ఆయన గొంతు: "నీళ్ళుండాయా?" ఆమె గొంతు: "ఉండు, తెస్తా."

తరువాత వాట్సాప్ గ్రూపులో, నా నోటితోనే రికార్డు చేసి, ఒక మాట పెట్టాను. తెల్లవారి పంపిన పాటలో మూడో చరణంలోని గొంతు ఈ ఏటిది కాదని, పోయినాయనదని, ఎవరినీ అడక్కుండా నేనే పెట్టానని, వెనకటి ఏళ్ళ రికార్డుల్లో కూడా ఆఖరి మాట అతుకేనని, ఆ మాట పాడింది ఆయన భార్య అని చెప్పాను. తెల్లవారి పంపింది అందరూ తీసేయండి, ఇది వినండి అని, సరిచేసింది పంపాను. నా గొంతు రికార్డులో వినడం నాకు అలవాటు లేదు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. శుభ్రం చేయకుండా అట్లాగే పంపాను.

పొద్దు వాలుతుండగా చిన్న స్పీకరు చేతిలో పట్టుకుని మళ్ళీ ఆమె వాకిటికి పోయాను. ముందు పోయిన ఏటిది వినిపించాను. "నీళ్ళుండాయా" దగ్గర ఆమె తల తిప్పి ఇంటి లోపలి వైపు చూసింది. తరువాత ఈసారిది. ఖాళీ వచ్చింది. తాళం ఒక్కటే నడుస్తుంటే ఆమె చేతిలో గింజ పట్టుకుని కదలకుండా కూర్చుంది. తన మాట వచ్చాక గింజను పితికి గిన్నెలో వేసింది.

"గ్రూపులో నువ్వు మాట్లాడింది పక్కింటి పాప వినిపించింది. అంత తడబడినావేమి?" అంది.

"అలవాటు లేదమ్మా."

"నా కండువా యాడుండాది?" అని అడిగింది.

"ఆయన కుర్చీ మీదనే ఉండాది. తెచ్చియ్యనా?"

"వద్దు. ప్రాక్టీసుకు పోయినప్పుడు నేనే తీసుకుంటా. ఆయన మాటలు వినేకి నాకు పోయిన ఏటిది ఒకటి చేసియ్యి, కడగొద్దు."

చేసి ఇస్తానన్నాను. లేవబోతుంటే, బుట్టలో మిగిలిన గింజల వైపు చూపించింది. పితకడం నాకు రాదు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే మొదటి గింజ జారి చాప దాటి దొర్లిపోయింది. "అట్ల కాదప్పా, ముక్కు కిందికి పెట్టు" అని చూపించింది. వెళ్ళి చేయాల్సిన పని ఏమీ లేదు. గింజలు అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన ఏ గని షాఫ్టులో పనిచేశాడు, దగ్గు ఎప్పుడు మొదలైంది, పాట ఎవరు నేర్పారు, ఏళ్ళ కిందటే అడగాల్సినవన్నీ ఒక్కొక్కటే అడిగాను.